ప్రాజెక్టు నడిచిన ఏళ్లలో కరువే రాకపోతే, కరువును తట్టుకునే శక్తిని ఎలా కొలవాలి?

ప్రశ్న: తొలకరి

అందరికీ నమస్కారం. వర్షాధార సేద్యం మీద బతికే పన్నెండు గ్రామాల్లో నాలుగేళ్లుగా నడిచిన ఒక ప్రాజెక్టు ఈ పంటకాలంతో ముగుస్తోంది. వాతావరణ మార్పుల దెబ్బను రైతు కుటుంబాలు తట్టుకోగలిగేలా చేయడం దాని ఉద్దేశం. పొలాల్లో నీటికుంటలు తవ్వించాము, బెట్టకు ఆగే విత్తనాలు ఇచ్చాము, చేనిలో ఆకూ అలమూ పరిచి నేలలో పదును నిలుపుకునే పద్ధతి నేర్పించాము, వారానికి రెండుసార్లు వాన కబురుతో పాటు సాగు సలహాలను ఫోన్లకు పంపాము, పొదుపు సంఘాల్లో ఆపద నిధి పెట్టించాము. ఇప్పుడు తుది మూల్యాంకనం నా మీద పడింది. మొదటినుంచీ ఈ పనిలో ఉన్న మనిషినే కాబట్టి నా పనికి నేనే మార్కులు వేసుకోవడంలోని ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయితే బయటి నిపుణులను పిలిపించే స్తోమత మా సంస్థకు లేదు.

అసలు చిక్కు ఇది. మొదటి ఏడాది ఊరికి ఇరవై చొప్పున 240 కుటుంబాలతో బేస్‌లైన్ సర్వే, అంటే తరువాత పోల్చుకోవడానికి మొదటి స్థితిని నమోదు చేసే సర్వే, చేశాము. ఆ ఏడాది వానలు బాగా వెనకబట్టి దిగుబడులు పడిపోయాయి. తరువాతి మూడేళ్లూ వానలు సరిపడా కురిశాయి. ఇప్పుడు అవే కుటుంబాలను మళ్లీ అడిగితే దిగుబడి, ఆదాయం, తిండికి ఇబ్బంది పడిన రోజులు, అన్నీ మెరుగ్గానే కనబడతాయి. కానీ ఆ మెరుగుదలలో మా కుంటల వాటా ఎంత, మేఘాల వాటా ఎంత అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. పోల్చి చూద్దామంటే ప్రాజెక్టు లేని ఊళ్లలో మేము అప్పుడు సర్వే చేయలేదు.

పైగా నిధులిచ్చినవారు పంపిన నివేదిక నమూనాలో "తట్టుకునే శక్తి ఎంత శాతం పెరిగింది" అని ఒక గడి ఉంది. మేము మొదట్లో రాసుకున్న సూచికలేమో తవ్విన కుంటల సంఖ్య, శిక్షణకు వచ్చిన రైతుల సంఖ్య, పంచిన విత్తన సంచుల లెక్క. వాటిలో దేన్నీ ఆ గడిలో పెట్టడానికి మనసొప్పడం లేదు. కరువు రాని ఏళ్లలో కరువును తట్టుకునే శక్తిని కొలవడం అసలు సాధ్యమేనా? ఇలాంటి పని చేసినవారు దారి చూపాలని కోరుతున్నాను. సర్వేకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది.

జవాబు: కుంటగట్టు

తొలకరి గారూ, సర్వే పత్రం చేతిలోకి తీసుకునే ముందు వాన లెక్క తీయండి. "మూడేళ్లూ వానలు సరిపడా కురిశాయి" అన్నారు, అది పంటకాలం మొత్తం కలిపిన లెక్క అయి ఉంటుంది. పైరు బతికేది మొత్తం మీద కాదు, రోజుల మీద. పూత దశలో మూడు వారాల బెట్ట వచ్చి, ఆ తరువాత రెండు రోజుల్లో కుండపోతగా కురిస్తే కాగితం మీద ఆ ఏడాది మామూలు ఏడాదే. చేను మాత్రం అప్పటికే ఎండిపోయి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాలను, వానమాపకాల లెక్కలను కలిపి తయారుచేసే చిర్ప్స్ అనే సమాచారం 1981 నుంచి, సుమారు 5 కిలోమీటర్ల గడులుగా ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి మీ పన్నెండు ఊళ్లకూ నాలుగేళ్ల వానను విడదీసి, విత్తిన నాటినుంచి కోత వరకూ వరుసగా ఎన్ని పొడి రోజులు వచ్చాయో లెక్కపెట్టండి. ఒక్క ఊరికి, ఒక్క రోజుకు ఆ అంచనాను పూర్తిగా నమ్మలేము కాబట్టి దగ్గరలోని వానమాపకంతోనూ, రైతుల జ్ఞాపకంతోనూ సరిచూసుకోండి.

దీంతో పాటు ప్రామాణిక వర్షపాత సూచిక అనేదాన్ని కూడా వేయండి. 1993లో అమెరికాలోని కొలరాడో శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ కొలతను కరువు గుర్తింపుకు వాడమని ప్రపంచ వాతావరణ సంస్థ కూడా సిఫారసు చేసింది. కనీసం 30 ఏళ్ల వాన లెక్క ఉంటే ఈ ఏటి వాన ఆ ఊరికి ఎంత అసాధారణమో ఒక్క అంకెలో చెబుతుంది: -1 కంటే దిగువకు పోతే ఒక మోస్తరు కరువు, -1.5 కంటే దిగువన తీవ్రమైనది, -2 దాటితే అతి తీవ్రమైనది. బేస్‌లైన్ ఏడాది ఇందులో ఎక్కడ నిలుస్తుందో తెలిస్తే మీ పోలికలోని లోపం ఎంత పెద్దదో మీకే అర్థమవుతుంది. అట్టడుగున ఉన్న ఏడాదిని మొదటి మెట్టుగా పెట్టుకుంటే ఏ పనీ చేయకపోయినా ఆ తరువాతి ఏళ్లు మెట్లు ఎక్కినట్లే కనిపిస్తాయి.

ఇక్కడే మీకు ఒక దారి దొరకవచ్చు. పన్నెండు ఊళ్లు, నాలుగు పంటకాలాలు అంటే నలభై ఎనిమిది "ఊరి-కాలాలు". వాటన్నిటిలోనూ వాన ఒకేలా పడి ఉండదు. ఒక ఊరి మీద కురిసిన మేఘం పక్క ఊరిని తప్పించి పోవడం మనందరికీ తెలిసిన సంగతే. కాబట్టి "నాలుగేళ్లలో ఏమి మారింది" అని అడగడం మానేసి, "బెట్ట తగిలిన ఊరి-కాలాల్లో ఏమి జరిగింది, తగలని వాటిలో ఏమి జరిగింది, ఆ తేడా కుంట ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఒకేలా ఉందా" అని అడగండి. తట్టుకునే శక్తి అనేది దెబ్బ తగిలిన రోజున తప్ప మిగతా రోజుల్లో కంటికి కనబడదు. మీ ఊళ్లలో చిన్న దెబ్బలైనా తగిలి ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోవాలి.

ఇక ఆ దెబ్బ తగిలినప్పుడు ఇంట్లో ఏమి చేశారన్నది దిగుబడి కంటే ముఖ్యమైన విషయమని నా అభిప్రాయం. ఆహార భద్రత సర్వేల్లో వాడే సంక్షిప్త సర్దుబాటు సూచిక గడచిన ఏడు రోజుల గురించి ఐదే ప్రశ్నలు అడుగుతుంది: ఇష్టం లేని, చవక తిండితో సరిపెట్టుకున్నారా, తిండి అప్పు తెచ్చుకున్నారా లేక ఎవరి సాయంమీదైనా ఆధారపడ్డారా, వడ్డించే పాళ్లు తగ్గించారా, పిల్లల కోసం పెద్దలు మానుకున్నారా, పూటలు తగ్గించారా. మొదటిదానికి, మూడోదానికి, ఐదోదానికి ఒక్కో మార్కు, అప్పుకు రెండు, పెద్దలు పస్తులుండటానికి మూడు. రోజుల సంఖ్యతో గుణించి కూడితే సున్నా నుంచి 56 వరకూ వస్తుంది. ఇది గడచిన వారం గురించి మాత్రమే చెబుతుంది కాబట్టి మీ సర్వే ఏ నెలలో చేస్తారన్నది చాలా ముఖ్యం. బేస్‌లైన్ పంట చేతికి రాకముందు చేసి, ఇప్పుడు గాదెలు నిండాక అడిగితే ఆ పోలికకు విలువ లేదు.

తిండితో పాటు ఏమి అమ్ముకున్నారో కూడా అడగాలి. కెన్యా ఉత్తర ప్రాంతంలోని మర్సాబిట్‌లో 2010లో పశువులకు సూచిక ఆధారిత బీమా మొదలైంది, అంటే ఒక్కో ఇంటి నష్టాన్ని కాకుండా ఉపగ్రహం చూపే పచ్చిక తగ్గుదలను బట్టి సొమ్ము ఇచ్చే బీమా. 2011లో తీవ్రమైన కరువు వచ్చి బీమా సొమ్ము అందినప్పుడు పరిశోధకులు గమనించిన విషయం నాకు చాలా ఉపయోగపడింది. పశుసంపద ఎక్కువున్న ఇళ్లు బీమా ఉన్నందువల్ల పశువులను అయినకాడికి అమ్ముకునే అవసరం తగ్గించుకున్నాయి, తక్కువున్న ఇళ్లు పూటలు తగ్గించుకునే అవసరం తగ్గించుకున్నాయి. ఒకే సాయం రెండు రకాల ఇళ్లలో రెండు చోట్ల పనిచేసింది. తిండి గురించి మాత్రమే అడిగినా, ఆస్తి గురించి మాత్రమే అడిగినా సగం కథ పోయేది. అన్ని ఇళ్లనూ కలిపి సగటు తీస్తే మిగతా సగం కూడా మసకబారేది.

జవాబు: లెక్కలపొద్దు

కుంటగట్టు గారు చెప్పిన దారి సరైనదే కానీ దానికి ముందు కొన్ని హెచ్చరికలు అవసరం. నేను గణాంకాల మనిషిని, నా మాటలు కాస్త నిరుత్సాహంగా తోస్తే మన్నించండి.

ముందు, తరువాత పోలిక ఎంత మోసం చేయగలదో చెప్పడానికి సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో పేదరికం తగ్గించడానికి నడిచిన మిలీనియం గ్రామాల ప్రాజెక్టు మంచి ఉదాహరణ. గ్రామాల్లో వచ్చిన మార్పులను ప్రాజెక్టు ఫలితాలుగా చూపించిన నివేదికను మైకేల్ క్లెమెన్స్, గాబ్రియెల్ డెమోంబైన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ప్రశ్నించారు. అదే కాలంలో ప్రాజెక్టు లేని చుట్టుపక్కల ప్రాంతాల్లో కూడా అనేక సూచికలు మెరుగుపడ్డాయని వారు చూపించారు. సెల్‌ఫోన్లు అన్ని ఊళ్లకూ వచ్చాయి, ప్రాజెక్టు ఊళ్లకు మాత్రమే కాదు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ప్రాజెక్టు గురించి వచ్చిన వ్యాసంలో పసిపిల్లల మరణాలు తగ్గిన వేగం గురించి చేసిన పోలికను రచయితలే తరువాత వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంత పెద్ద పేరున్న ప్రాజెక్టుకే ఆ గతి పట్టినప్పుడు మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

మీకు పోలిక ఊళ్లు లేవన్నారు, పూర్తిగా లేనట్టు కాదు. ఇంటింటి సమాచారం లేకపోయినా చేను పచ్చదనం ఉపగ్రహాల్లో ఉంది. మోడిస్ చిత్రాలు 2000 నుంచి 250 మీటర్ల స్పష్టతతో ఉన్నాయి, సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి 10 మీటర్ల స్పష్టతతో ఉన్నాయి. అదే రకం నేల, అదే పంటలు ఉన్న ప్రాజెక్టు లేని ఊళ్లను కొన్ని ఎంచుకుని, ప్రాజెక్టుకు ముందు వచ్చిన బెట్టల్లో రెండు రకాల ఊళ్లలోనూ పచ్చదనం ఎంత పడిపోయేదో, ప్రాజెక్టు తరువాతి బెట్టలో ఎంత పడిపోయిందో చూడండి. ఇంతకుముందు రెండూ ఒకేలా పడిపోయి, ఇప్పుడు మీ ఊళ్లు తక్కువ పడిపోతే అది చెప్పుకోదగిన సాక్ష్యం. ఒక షరతు: ఆ ఊళ్లను ఫలితం చూడకముందే ఎంచుకుని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చూశాక ఎంచుకుంటే మనకు నచ్చిన ఊళ్లే దొరుకుతాయి. పచ్చదనం కలుపు మొక్కల్లోనూ ఉంటుంది, అది ధాన్యం కాదు, ఎవరి కంచంలోకి వెళ్లిందో చెప్పదు అన్నది మరవకండి.

రెండో హెచ్చరిక 240 అనే అంకె గురించి. ఒకే ఊళ్లోని ఇరవై ఇళ్లకు ఒకే వాన, ఒకే నేల, ఒకే సంత కాబట్టి వారి జవాబులు ఒకదానినొకటి పోలి ఉంటాయి. సున్నా అంటే పోలికే లేదని, ఒకటి అంటే అచ్చం ఒకటేనని పెట్టుకుని ఆ పోలిక 0.1 అనుకుంటే, ఇరవైలో ఒకటి తీసేసిన 19ని దానితో గుణించి ఒకటి కలిపితే 2.9 వస్తుంది. 240ని దానితో భాగిస్తే మీ చేతిలో నిజంగా ఉన్నది 83 ఇళ్లపాటి సమాచారం మాత్రమే. వాన లాంటి విషయంలో పోలిక 0.1 కంటే ఎక్కువే ఉండవచ్చు. ఊరికి ముప్పై ఇళ్లు అడగడం కంటే మరో నాలుగు ఊళ్లు కలపడమే మేలు.

మూడోది, ఇప్పుడు ఇంట్లో లేనివారు. బేస్‌లైన్‌లో ఉండి ఇప్పుడు దొరకని కుటుంబాలను "అందుబాటులో లేరు" అని కొట్టేయకండి. సేద్యం గిట్టక ఊరు వదిలినవారు వారిలో ఉంటారు. నిలబడినవారిని మాత్రమే అడిగితే అందరూ నిలబడినట్టే తేలుతుంది.

జవాబు: చేనిగట్టు

నేను లెక్కలు చేసేవాణ్ణి కాను, ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరిగేవాణ్ణి. పై ఇద్దరూ చెప్పినవన్నీ సరైనవే కానీ సర్వే చేసే మనిషి ప్రాజెక్టు మనిషైతే ఆ లెక్కలన్నీ వృథా అని మొదట చెప్పాలి. నాలుగేళ్లుగా కుంటలిచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "కుంట వల్ల లాభం కలిగిందా" అని అడిగితే, కలగలేదని ముఖం మీద చెప్పే రైతును నేను ఇంతవరకూ చూడలేదు. మర్యాద కొంత, మళ్లీ ప్రాజెక్టు వస్తుందన్న ఆశ కొంత. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న క్విప్ అనే పద్ధతిలో, ఈ ప్రశ్నలు ఏ ప్రాజెక్టు గురించో అడిగేవారికే చెప్పకుండా పంపవచ్చు. "ఈ మూడేళ్లలో మీ బతుకులో ఏమి మారింది, ఎందుకు మారింది" అని మొదలుపెడతారు. అప్పుడు రైతు తనంతట తానే కుంట పేరెత్తితే దానికి విలువ. ఎత్తకపోతే ఆ మౌనానికి కూడా విలువే. మీ సంస్థకు డబ్బు లేకపోతే పక్క సంస్థతో మాట్లాడుకోండి. వారి ఊళ్లు మీరు అడగండి, మీ ఊళ్లు వారు అడుగుతారు.

కుంట దగ్గరకు కూడా వెళ్లండి. దస్త్రంలో ఉన్న కుంట వేరు, చేనిలో ఉన్న కుంట వేరు. ఒక కర్ర దింపి అడుగున ఎంత ఒండ్రు చేరిందో చూడండి. గట్టు లోపలి వైపున నీటి చార ఎంత ఎత్తు వరకూ ఉందో చూస్తే ఆ ఏడు ఎంత నిండిందో తెలుస్తుంది. నీళ్లు తోడే ఇంజను ఎక్కడుందో చూపించమని అడగండి. "అద్దెకు తెస్తాము" అంటే ఆ అద్దె ఇంజను ఊళ్లో ఎన్ని ఉన్నాయో అడగండి, ఎందుకంటే బెట్ట వచ్చిన వారంలో అందరికీ ఒకేసారి కావాలి. నీరు అడుగంటిన తేదీ చెప్పగలిగే రైతు ఆ కుంటను వాడుకుంటున్నట్టు. చెప్పలేని రైతుకు అది గొయ్యి.

ఇంకొక మాట. కుంట తవ్వించుకునే హక్కు భూమి ఉన్నవాడిది. కౌలుకు చేసుకునేవాడి చేనిలో అడుగు లోతు గొయ్యి తవ్వాలన్నా యజమాని ఒప్పుకోవాలి. ఫోన్ సలహా కూడా ఫోన్ ఎవరి జేబులో ఉంటే వారికే. విత్తనాలు ఎప్పుడు వేయాలో నిర్ణయించేది ఇంటాయన, కలుపు తీసి పైరును రోజూ చూసేది ఇంటావిడ అయినచోట ఆ సందేశం ఎవరికి చేరిందో అడగవలసిందే. మీ 240 ఇళ్లలో కౌలు రైతులు ఎందరు, ఆడవారే సేద్యం చూసుకునే ఇళ్లు ఎన్ని?

తొలకరి

ముగ్గురికీ ధన్యవాదాలు. పది రోజులుగా దస్త్రాలు తిరగేస్తున్నాను, కొంత తేలింది, కొంత మరింత చిక్కుపడింది.

వాన లెక్క తీసి చూస్తే మేము "మంచి ఏడాది"గా రాసుకున్న మూడో ఏడాదిలో పూత సమయాన ఐదు ఊళ్లలో వరుసగా ఇరవై రెండు రోజులు చినుకు లేదు. మిగతా ఏడు ఊళ్లలో పన్నెండో రోజున ఒక మంచి వాన పడింది. పంటకాలం మొత్తం వాన మాత్రం పన్నెండు ఊళ్లలోనూ దాదాపు మామూలే. నేను ఆ రోజుల్లో అక్కడే తిరుగుతూ ఉన్నాను, అయినా మా వార్షిక నివేదికలో "వర్షపాతం సంతృప్తికరం" అని నేనే రాశాను. ఆ పంక్తి ఇప్పుడు చదువుకుంటే సిగ్గుగా ఉంది.

తరువాత ఆ ఐదు ఊళ్లలోని కుంటల వివరాలు మా క్షేత్ర సిబ్బంది నోటు పుస్తకాల్లో వెతికాను. కుంట ఉన్న రైతుల్లో మూడో వంతు మంది మాత్రమే ఆ బెట్టలో పైరుకు తడి పెట్టారు. వారి చేలు బయటపడ్డాయి. మిగిలినవారిలో కొందరి కుంటలు అప్పటికే ఇంకిపోయాయి, అడుగున బంకమట్టి గానీ ప్లాస్టిక్ పట్టా గానీ వేయని కుంటలే అవన్నీ. ఇంకొందరికి నీరు ఉంది, ఇంజను దొరకలేదు. చేనిగట్టు గారు ఊహించినట్టే జరిగింది.

నేను ఎదురుచూడనిది ఆపద నిధి పుస్తకంలో కనబడింది. అదే మూడు నాలుగు వారాల్లో ఆ ఐదు ఊళ్లలో అప్పులు బాగా పెరిగాయి, ఏడు ఊళ్లలో పెరగలేదు. తీసుకున్నవారిలో ఎక్కువమంది కుంటలు లేనివారు. మా ప్రాజెక్టులో అన్నిటికంటే తక్కువ ఖర్చయిన పని అది, నివేదికల్లో ఎప్పుడూ చివరి పేరాలో ఉండేది. ఇక కౌలు రైతుల సంగతి అడిగారు కదా, బేస్‌లైన్ పత్రంలో ఆ ప్రశ్నే లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఈ ఐదు ఊళ్లకూ ఏడు ఊళ్లకూ మధ్య పోలికను ఎంతవరకు నమ్మవచ్చు? రెండు, ఆ శాతం గడిలో ఏమి రాయాలి?

జవాబు: లెక్కలపొద్దు

మొదటి సందేహానికి క్లుప్తంగా చెబుతాను. బెట్ట ఏ ఊరికి తగలాలన్నది మీరు నిర్ణయించలేదు, రైతులూ నిర్ణయించలేదు కాబట్టి ఐదు ఊళ్లకూ ఏడు ఊళ్లకూ మధ్య పోలికకు బలం ఉంది. ఆ ఐదు ఊళ్లూ ఎప్పుడూ వాననీడలో ఉండేవి కావని మాత్రం పాత ఏళ్ల లెక్కతో తేల్చుకోండి. కానీ ఆ ఊళ్లలో తడి పెట్టిన రైతుకూ పెట్టని రైతుకూ మధ్య పోలికను అంతగా నమ్మకండి. ఇంజను ఉన్నవాడు, పట్టా వేయించుకున్నవాడు మొదటినుంచీ కాస్త కలిగినవాడై ఉంటాడు, కుంట లేకపోయినా అతని చేను నిలబడేదేమో. అందువల్ల బేస్‌లైన్‌లో భూమి, పశువులు, బావి విషయంలో సమానంగా ఉన్న ఇళ్లను జతలుగా పెట్టి చూడండి. జతలు దొరకకపోతే దొరకలేదనే రాయండి. ఆపద నిధి విషయంలో కూడా అప్పు తీసుకోవడం మేలుకు గుర్తో, ఇక్కట్లకు గుర్తో అప్పు తీసుకున్నవారిని అడిగితేనే తెలుస్తుంది. ఆ అప్పు లేకపోతే ఏమి చేసేవారని, ఎంత వడ్డీకి ఎక్కడ తెచ్చేవారని, ఏమి అమ్మేవారని అడగండి.

జవాబు: కుంటగట్టు

ఇక శాతం గడి. ఆహార వ్యవసాయ సంస్థ వాడే రీమా పద్ధతిలో కనీస సేవల అందుబాటు, ఆస్తులు, సామాజిక రక్షణ, సర్దుబాటు సామర్థ్యం అనే నాలుగు స్తంభాలను కలిపి తట్టుకునే శక్తికి ఒక సూచిక లెక్కగడతారు. ఆ పని పద్ధతిగా చేస్తే పనికివచ్చేదే. అయితే దానికి కావలసిన ప్రశ్నలు మీ బేస్‌లైన్‌లో లేనప్పుడు, రెండు సర్వేల్లోనూ ఒకే ప్రశ్నలు ఒకే తీరుగా అడగనప్పుడు, ఇప్పటి అంకెను అప్పటి అంకెతో భాగించి శాతం తీయడం లెక్క అనిపించుకోదు. మూడు మంచి ఏళ్లలో రైతు రెండు పశువులు కొనుక్కున్నా ఆస్తుల స్తంభం పెరుగుతుంది, అందులో ప్రాజెక్టు ప్రమేయం లేకపోవచ్చు. నేనైతే ఆ గడిని ఖాళీగా వదలకుండా "కింద వివరించాము" అని రాసి, కింద ఇలాంటి వాక్యాలు పెడతాను: "మూడో ఏడాది పూత దశలో ఐదు గ్రామాలు ఇరవై రెండు రోజుల బెట్టకు గురయ్యాయి. ఆ గ్రామాల్లో కుంటలున్న రైతుల్లో మూడో వంతు మంది పైరుకు ఒక తడి ఇవ్వగలిగారు. ఇవ్వలేకపోవడానికి ప్రధాన కారణాలు కుంటల్లో నీరు ఇంకిపోవడం, ఇంజన్లు చాలకపోవడం. కుంటలు లేని కుటుంబాలు ఎక్కువగా ఆపద నిధిని ఆశ్రయించాయి. నాలుగేళ్లలో ఈ గ్రామాలు తీవ్రమైన కరువును ఎదుర్కొన్నది బేస్‌లైన్ ఏడాదిలోనే కాబట్టి, అంతటి కరువును ఇప్పుడు తట్టుకోగలవా అన్నది ఈ మూల్యాంకనం తేల్చలేదు." మొదటి ఏడాదిని తీవ్రమైనదని అనాలా వద్దా అన్నది సూచిక లెక్క చూసుకుని నిర్ణయించండి. నిధులిచ్చేవారు దీన్ని చూసి నొచ్చుకుంటారని భయపడకండి. తరువాతి ప్రాజెక్టులో పట్టాలకూ ఇంజన్లకూ డబ్బు పెట్టాలా, కొత్త కుంటలకు పెట్టాలా అన్న నిర్ణయం ఈ వాక్యాల్లోంచి వస్తుంది, 34 శాతం లాంటి ఏదో ఒక అంకెలోంచి రాదు.

నివేదిక చట్రానికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) అభివృద్ధి సహాయ కమిటీ మూల్యాంకన ప్రమాణాలు ఎలాగూ అడుగుతారు. 1991లో ఐదుగా మొదలై 2019లో పొందిక అనే ఆరోదాన్ని చేర్చుకున్నాయి. ఆరింటికీ సమానంగా పేజీలు కేటాయించడం చాలామంది చేసే పని, అది అక్కర్లేదు. మీ విషయంలో బరువైనవి ప్రభావం, నిలకడ. డబ్బు ఆగిపోయాక కుంటలో ఒండ్రు ఎవరు తీస్తారన్నది నిలకడ కింద వచ్చే ప్రశ్న.

చివరగా ఒక విషయం తప్పక చూడండి. కుంట వచ్చిన తరువాత ఆ రైతు ఏ పంట వేస్తున్నాడు? మేలు కోసం చేసిన పనే ముప్పును పెంచడం గురించి వాతావరణ మార్పులపై ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2022 నివేదిక ప్రత్యేకంగా చర్చించింది. నీటి పొదుపు పరికరాలు వచ్చినచోట వాడకం తగ్గకపోగా సాగు విస్తరించి నీరు మరింత ఖర్చు కావచ్చని అంతకు కాస్త ముందే, 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా వాదించింది. నీరుందన్న ధీమాతో బెట్టకు ఆగే పంట వదిలి నీరు ఎక్కువ తాగే పంటకు మారితే, మంచి ఏళ్లలో ఆదాయం పెరిగినట్టు మీ సర్వే చూపిస్తుంది. పెద్ద కరువు వచ్చిన ఏడు ఆ ఇల్లు పూర్వం కంటే లోతుగా మునుగుతుంది. వాగుకు దిగువన ఉన్న, మీ ప్రాజెక్టులో లేని ఊరికి కూడా ఒకసారి వెళ్లి, ఎగువన కుంటలు వచ్చాక వారి చెరువుకు నీరు ఎలా వస్తోందో అడగండి.

తొలకరి

పంటల మార్పు గురించిన ప్రశ్నను చేర్చాము, దిగువ ఊరికి వచ్చే వారం వెళ్తున్నాము. పక్క సంస్థవారు వారి మనుషులను ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ప్రాజెక్టు పేరు వారికి చెప్పలేదు. కౌలు రైతులను విడిగా వెతికి జాబితాలో కలిపాము.

నిన్న పత్రాన్ని సరిచూసుకోవడానికి ఒక ఊళ్లో నాలుగు ఇళ్లు అడిగి వచ్చారు. వారిలో ఒకాయన కౌలు రైతు. ఆ ఇరవై రెండు రోజుల్లో మొదట ఏమి చేశారని అడిగితే, తొమ్మిదో రోజున రెండు మేకలు అమ్మానని, వాన వచ్చాక అయితే మంచి ధర వచ్చేదని తెలిసినా ఆగలేకపోయానని చెప్పారట. గట్టుకు అవతలి చేనిలో మా కుంట ఉంది, అందులో అప్పటికి నీళ్లూ ఉన్నాయి. ఆ చేను ఆయనకు కౌలుకిచ్చిన యజమానిదే. అడగలేదా అంటే, నీళ్లు అడిగితే వచ్చే ఏడు కౌలు పెంచుతారని భయపడ్డానని అన్నారట. మా పత్రంలో ఆ ప్రశ్న లేదు, అడిగిన అమ్మాయి తనంతట తాను అడిగింది. ఇప్పుడు పద్నాలుగో ప్రశ్న కింద రాసుకున్నాము: "పక్క చేనిలోని కుంట నీరు ఎప్పుడైనా అడిగారా? అడగకపోతే ఎందుకు?"